బడి దుస్తులకు గుడ్డ ఎంచుకునే ముందు

హైదరాబాద్

చి. సౌ. వాణికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు బడి యూనిఫారాలు కుట్టించే పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెబితే చాలా సంతోషించాను. సికిందరాబాదు జనరల్ బజారుకు వెళ్లి తానులు కొనే ముందు పాలిస్టర్ సంగతి కొంత తెలుసుకో, ఎందుకంటే యూనిఫారం గుడ్డల్లో అది లేనివి తక్కువ.

పెట్రోలియం నుంచి తీసిన ముడిసరుకులతో తయారయ్యే ఈ పోగును 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు కనుగొన్నారు. అంతకుముందు అమెరికాలో కరోదర్స్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం చేసిన పాలిస్టర్లు కొద్దిపాటి వేడికే కరిగి బట్టకు పనికిరాలేదు. విన్‌ఫీల్డ్, డిక్సన్‌లు కనుగొన్నది సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. ఒకప్పుడు అందరూ మోజుపడ్డ టెరిలిన్ చొక్కా, తరువాత నూలు కలిపి నేసిన టెరికాటన్, రెండూ దీని నుంచి వచ్చినవే.

నువ్వు ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది, అది తేమను పీల్చదన్న సంగతి. మామూలు గాలిలో నూలు తన బరువులో ఇంచుమించు 8 శాతం తేమను పట్టి ఉంచితే, పాలిస్టర్ అర శాతం కూడా ఉంచుకోదు. ఉతికిన బట్ట వానాకాలంలోనూ త్వరగా ఆరడానికీ, ఏప్రిల్ ఎండల్లో అదే బట్ట చెమటతో పిల్లల వీపుకు అంటుకుపోవడానికీ కారణం ఇదే. అందుచేత చొక్కాలకు నూలు పాలు ఎక్కువగా ఉన్న గుడ్డనే తీసుకో. ప్యాంట్లకు, స్కర్టులకు మాత్రం 65 పాళ్లు పాలిస్టర్, 35 పాళ్లు నూలు కలిసిన గుడ్డ మేలు. అది నలగదు, వేడితో వేసిన కుచ్చిళ్లు ఎన్ని ఉతుకులకైనా నిలుస్తాయి. ధర తగ్గుతుందని బడివారు చొక్కాలు కూడా పూర్తి పాలిస్టర్‌లోనే అడగవచ్చు. అప్పుడు ఓపికగా నచ్చజెప్పు, రోజంతా దానిని తొడుక్కుని కూర్చునే పిల్లలను ఎవరూ అడగరు కదా.

నూలు గుడ్డ అని అమ్మినదాన్ని నమ్మకముంచి కొనెయ్యకు. నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూడు: నూలు కాగితంలా మండి మెత్తని బూడిద అవుతుంది, పాలిస్టర్ ముడుచుకుంటూ కరిగి చల్లారాక గట్టి పూస కడుతుంది. మిశ్రమంలో రెండు గుర్తులూ కనిపిస్తాయి గాని పాళ్లు తెలియవు, వాటిని బిల్లు మీద రాయించుకో.

ప్రయోగశాల కోట్లు ఎవరు అడిగినా నూలులోనే కుట్టించు. నిప్పంటుకుంటే పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది.

ఇట్లు
మీ పెదనాన్న