వర్జీనియాలో అవతలి వైపు ఆగిన స్కూల్ బస్సును దాటానని టికెట్ ఇచ్చారు, కోర్టులో వాదించుకోవచ్చా?

యాష్‌బర్న్ దగ్గర నాలుగు లేన్ల రోడ్డు, మధ్యలో గడ్డి, అవతలి వైపు ఎర్ర లైట్లు వెలుగుతూ బస్సు ఆగి ఉంది, మీరు ఆగకుండా వచ్చేశారు, పోలీసు ఇచ్చిన కాగితం మీద రెక్‌లెస్ డ్రైవింగ్ (ప్రమాదకరంగా బండి నడపడం) అని ఉంది అన్నారు. ఫైన్ కట్టేసి వదిలించుకుందామా అని అడిగారు.

అలా చేయకండి. ముందు ఈరోజే వెళ్ళి ఆ గడ్డి ఫొటోలు తీయండి.

మీ కాగితం మీద 46.2-859 అనే సెక్షన్ నంబర్ ఉంటుంది, చూడండి. పిల్లల్ని ఎక్కించడానికో దించడానికో ఆగిన స్కూల్ బస్సు ఏ వైపున ఉన్నా ఆగాలన్నది ఆ సెక్షన్. అందులోనే మినహాయింపు కూడా ఉంది. బస్సు ఉన్న దారికీ మీ దారికీ మధ్య అడ్డుగోడ లాంటిది గానీ, తారూ కాంక్రీటూ వేయని నేల గానీ ఉంటే ఆగనక్కర్లేదు. గడ్డి అలాంటి నేలే. కాబట్టి కేసంతా బస్సు సరిగ్గా ఎక్కడ ఆగిందన్న దాని మీదే ఉంటుంది. సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి గడ్డి అయిపోయి ఎడమ మలుపు లేన్ మొదలయ్యే చోట్లు చాలా ఉన్నాయి. బస్సు అక్కడ ఆగి ఉంటే కథ మారిపోతుంది. మీరు బస్సును దాటిన చోట నిలబడి, రెండు వైపులా రోడ్డు కనిపించేలా తీయండి. డ్యాష్‌క్యామ్ ఉంటే వీడియో వెంటనే కాపీ చేసుకోండి.

ఆరేళ్ళ క్రితం నాకూ ఇదే టికెట్ వచ్చింది. అయిదు లేన్ల రోడ్డు, మధ్య లేన్ రెండు వైపుల వాళ్ళూ మలుపు తిరగడానికి పసుపు గీతలు వేసింది. బస్సు అటు వైపు కదా, నాకేం సంబంధం అనుకున్నాను. గీతలు అడ్డు కిందికి రావని లాయర్ చెప్పేదాకా నాకు తెలియదు. తప్పు నాదే. బస్సు దిగిన పాప రోడ్డు దాటి నా వైపు రావాల్సిన పిల్లే అయ్యుంటే అన్న ఆలోచన ఇప్పటికీ వదల్లేదు. మీ పరిస్థితి నాకంటే చాలా మెరుగు.

ఇది స్పీడింగ్ టికెట్ లాంటిది కాదు. క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ కేసు. గరిష్ఠంగా 12 నెలల జైలు, 2,500 డాలర్ల ఫైన్ ఉన్నాయి. శిక్ష పడితే లైసెన్స్ మీద 6 తప్పు పాయింట్లు, డీఎంవీ (లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర శాఖ) రికార్డులో 11 ఏళ్ళు ఉంటుంది. వీసా మీద ఉన్నవాళ్ళకు స్టాంపింగ్ ఫారాల్లోనూ క్రిమినల్ కేసులో శిక్ష పడిందా అన్న ప్రశ్న వస్తుంది. అందుకే ఆ కోర్టుకు రోజూ వెళ్ళే ట్రాఫిక్ లాయర్‌ని పెట్టుకోండి, మీ వీసా సంగతి మొదటి రోజే చెప్పండి. టికెట్ మీద సంతకం పెట్టేశానని టెన్షన్ పడకండి. కోర్టుకు వస్తానని ఒప్పుకోవడమే అది, తప్పు ఒప్పుకోవడం కాదు.

నా లాయర్ ముందే నాతో ఎనిమిది గంటల డ్రైవింగ్ క్లాస్ చేయించారు, డీఎంవీ రికార్డు తెప్పించారు. తర్వాత ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి కేసును 46.2-844 కిందికి మార్పించారు. అది 250 డాలర్ల సివిల్ పెనాల్టీ. క్రిమినల్ శిక్ష కాదు. గడ్డి సంగతి జడ్జి ఒప్పుకోకపోతే మీ లాయర్ కూడా దీన్నే అడగవచ్చు. తీర్పు ఎదురైతే 10 రోజుల్లోపు పై కోర్టుకు, అంటే సర్క్యూట్ కోర్టుకు, అప్పీలు వేసుకోవచ్చు, అక్కడ విచారణ మొదటి నుంచీ జరుగుతుంది.

ఒక మాట. చట్టంలో 'ఎట్' (at) అనే చిన్న పదం లేక, బస్సు దగ్గర ఆగాలన్న అర్థం రావడం లేదని 2010లో ఫెయిర్‌ఫాక్స్‌లో ఒకరి కేసు కొట్టేశారని నెట్‌లో చదివి ఉంటారు. అది నిజమే, కానీ ఆ మరుసటి ఏడాదే చట్టం సరిచేశారు. ఇప్పుడు ఆ వాదన పనికిరాదు.

వాయిదా ఎప్పుడు? బస్సు ఆగిన చోట గడ్డి ఉందో, మలుపు లేన్ ఉందో చూసి వచ్చి చెప్పండి.