బోనస్ మొత్తం అప్పుకే కట్టేస్తే కొడుకు జ్వరానికి మళ్లీ అప్పే

ప్రశ్న: మాది గుంటూరు. విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల షాపులో అకౌంటెంట్‌ని. జీతం 46,000. క్రెడిట్ కార్డు బాకీ 1,20,000 ఉంది, నెలకు 6,000 కడుతున్నాను. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన చేబదులు లక్ష ఉంది. లక్ష రూపాయల చీటీలో 20 నెలలకు 12 కట్టాను, ఇంకా పాడలేదు. దసరా బోనస్ 40,000 మొత్తం కార్డుకు కట్టాను. తర్వాతి నెలే బాబుకు డెంగీ వచ్చింది. కొత్తపేటలో ఆసుపత్రి బిల్లు 34,000 అయితే మళ్లీ కార్డే గీకాను. లోన్ యాప్‌లో లక్ష తీసుకుని కార్డు మూసేయమంటారా? ఇంట్లో బంగారం ఉంది కానీ తాకట్టు పెట్టాలంటే నామోషీగా ఉంది.

జవాబు: ముందుగా, ఆ యాప్‌ని ఫోన్‌లోంచి తీసేయండి. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని చేతికి తక్కువ ఇచ్చి, మొత్తానికి వడ్డీ వేస్తారు. ఒక అప్పు తీర్చడానికి అంతకంటే చెడ్డ అప్పు చేయొద్దు.

మీ ఉత్తరం ఎంచుకున్నది ఆ బోనస్ కోసమే. చాలామంది ఇలాగే చేస్తారు. చేతికొచ్చిన ప్రతి రూపాయీ అప్పుకు కట్టి, పక్కన ఏమీ ఉంచుకోరు. కార్డులో పాత బాకీ ఉన్నప్పుడు కొత్తగా గీకినదానికి గడువు ఉండదు, ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. నెలకు 3.5 శాతం లెక్కన లక్షా ఇరవై వేలకు 4,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 756. మీరు కట్టే 6,000లో అసలుకు జమయ్యేది దాదాపు వెయ్యి రూపాయలు.

అందుకే అత్యవసర నిధి ముందు, అప్పు తర్వాత. నెల తిరక్కుండా చీటీ పాడండి. పాట 10,000 వరకు వెళ్లినా ఎత్తేయండి. వచ్చే 90,000లో 30,000 మీ భార్య పేరిట విడిగా ఒక ఖాతాలో వేయండి. దానికి యూపీఐ పెట్టొద్దు. మూడు రూపాయల వడ్డీ కడుతూ డబ్బు ఊరికే ఉంచమంటారేమిటని మీకు అనిపిస్తుంది. అవును, ఉంచమనే అంటున్నాను. ఆ 30,000కు నెలకు అయ్యే 900 వడ్డీకి భయపడి నిధి ఉంచుకోకపోతే, రేపు జ్వరమొస్తే మళ్లీ కార్డు గీకుతారు. నిధి ఉన్నది ఆసుపత్రికి, జీతం ఆగిన నెలకు మాత్రమే. పెళ్లి చదివింపులకు, పండగ బట్టలకు కాదు. వాడిన నెల నుంచే మళ్లీ నింపండి.

మిగతా 60,000 చేబదులుకు కట్టి, ప్రోనోటు వెనక చెల్లు వేయించుకోండి. నోటిమాటగా వదిలేయొద్దు. నెలకు 1,800 వడ్డీ తగ్గుతుంది, ఆరు నెలల్లో పాటలో పోయింది తిరిగొస్తుంది. ఎత్తిన చీటీ వాయిదాలు మాత్రం ఒక్క నెల కూడా ఆపొద్దు.

కార్డుకు మీ దగ్గరున్న బంగారమే దారి. బ్యాంకులో పెడితే ఏడాదికి పది శాతం అటూ ఇటూ పడుతుంది, లక్షా ఇరవై వేలకు నెలకు దాదాపు వెయ్యి. కార్డుకు కడుతున్న ఆ 6,000నే ప్రతి నెలా బ్యాంకులో కట్టండి, ఐదు వేల దాకా అసలులో తగ్గుతుంది. ఇందులో నామోషీ ఏమీ లేదు. నగ మీ ఇంటిదే, తిరిగి మీ ఇంటికే వస్తుంది. బాకీ తీరాక కార్డు రద్దు చేయించండి.

షాపువాళ్లు ఆరోగ్య బీమా ఇస్తున్నట్టు మీరు రాయలేదు. కుటుంబమంతటికీ ఒక పాలసీ, మీ పేరిట ఒక టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ వ్యక్తిగత పాలసీలకు జీఎస్టీ లేదు. చేబదులు వడ్డీలో తగ్గిన 1,800ను ముందు ఈ ప్రీమియంకే వాడండి. వచ్చే దసరా బోనస్‌తో చేబదులులో మిగిలిన 40,000 తీర్చేయొచ్చు, అప్పటికి ఆ 30,000 ఖాతాలో నిండుగా ఉంటేనే.