అమెరికాలో స్థిరపడిన పెద్ద వయసు కొరియన్లకి పాత సినిమా పాటలంటే ఎందుకంత ప్రాణం?
వాళ్ళు పెరిగిన కాలం అలాంటిది. 1965లో అమెరికా వలస చట్టం మారాక వెళ్ళిన తరం ఎక్కువ. కొరియా యుద్ధం తర్వాత అక్కడి అమెరికన్ సైనిక స్థావరాల్లో పాడేవాళ్ళకి మంచి గిరాకీ ఉండేది, పైగా సైనికుల రేడియో మామూలు జనం కూడా వినేవాళ్ళు కాబట్టి ఇంగ్లీషు ముక్క రాకపోయినా హాలీవుడ్ పాటలు, జాజ్ నోటికొచ్చేసేవి. కిమ్ సిస్టర్స్ అనే కొరియన్ అమ్మాయిల గాన బృందం అలా బట్టీపట్టే 1959లో లాస్ వేగాస్ చేరి, ఎడ్ సలివాన్ షో అనే పేరున్న అమెరికన్ టీవీ కార్యక్రమంలో 20 సార్లకి పైగా కనిపించారు. పాట సరిగ్గా నేర్చుకుంటే వాళ్ళమ్మ అరటిపండు ఇచ్చేదట, ఆ రోజుల్లో కొరియాలో అరటిపండంటే మాటలు కాదు మరి!

ఇక సొంత భాషలో అయితే ట్రాట్, అంటే కొరియా పాతకాలపు జనరంజక పాటల బాణీ. గాయని ఇ మిజా 1964లో ఒక సినిమాకి పాడిన 'తోంగ్‌బెక్ అగాస్సి' విపరీతంగా హిట్టయింది. జపాన్ బాణీలా ఉందంటూ ప్రభుత్వం మరుసటి ఏడాదే నిషేధించి, 1987లో గానీ ఎత్తెయ్యలేదు. నిషేధం రేడియోకి సరే, జనం నోళ్ళకి ఎవరు వేస్తారు? ఇప్పుడు లాస్ ఏంజెలెస్ కొరియాటౌన్‌లో నొరెబాంగ్‌లున్నాయి, అంటే గది అద్దెకి తీసుకుని, నంబరు నొక్కి, తెర మీద సాహిత్యం చూస్తూ పాడుకోవడమే. మీకు తెలిసిన కొరియన్ పెద్దాయన ఎవరైనా ఉంటే ఇప్పటి పాప్ బ్యాండ్ బీటీఎస్ సంగతి పక్కనపెట్టి ఇ మిజా పేరెత్తి చూడండి.