పని లేనివాళ్లందరూ నిరుద్యోగులేనా?
కాదు, పని లేకపోవడంతో పాటు పని కోసం వెతుకుతుండాలి, లేదా దొరికితే చేయడానికి సిద్ధంగా ఉండాలి. అప్పుడే సర్కారు సర్వేలో నిరుద్యోగి. నిరుద్యోగ శాతాన్ని మొత్తం జనాభా మీద కాదు, పనిలో ఉన్నవాళ్లు, పని కోరేవాళ్లు కలిపిన సంఖ్య మీద కడతారు. పని అక్కర్లేదనేవాళ్లు లెక్కలోకే రారు.

గడిచిన వారంలో పని చేశారా అని సర్వేలో చూసే లెక్క మరీ విచిత్రం. దేవరకొండ దిక్కు ఒకామె గడిచిన 7 రోజుల్లో ఒక్కనాడు, గంటసేపు కూలికి పత్తి ఏరినా ఆమెకు పని ఉన్నట్టే, మిగతా ఆరు రోజులు ఖాళీగా కూసున్నా సరే. ఇంటి కిరాణా దుకాణంలో జీతం లేకుండా సామాన్లు తూచిచ్చే కొడుకూ అంతే.

చాలామంది పొరపడేది సర్కారు కొలువు దగ్గర. అది రాని డిగ్రీవాళ్లందరినీ నిరుద్యోగులంటారు, నల్లగొండలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే సారును కూడా. సర్వేలో ఆయన ఉద్యోగే.