ముందు పిన్ను చూడండి, తర్వాత రంగు వేయండి

ప్రశ్న: బాబాయిగారూ, సంక్రాంతి సెలవులకి మా గుంటలిద్దరినీ ఒక అమ్యూజ్‌మెంట్ పార్కుకి తీసుకెళ్ళాం. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఎక్కిన రైడ్లే ఇప్పటికీ ఉన్నాయి. "అన్నీ పాతవే అమ్మా, బోర్" అన్నాడు పెద్దాడు. మా ఆయనేమో కొత్తవి పెడితే టికెట్ పెంచేస్తారు, ఉన్నవి చాలంటారు. నాకు మాత్రం ఆ తుప్పు చూసి టెన్షన్ పట్టుకుంది. పార్కుల వాళ్ళు పాత రైడ్లను ఎప్పటికప్పుడు మార్చి తీరాలా? మీరు షిప్‌యార్డులో చేశారు కదా, అందుకే అడుగుతున్నాను.
ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, మీ టెన్షన్‌తోనే మొదలుపెడతాను. బోరు, టికెట్టు ఆ తర్వాతే.

నేను ముప్పై ఏళ్ళు వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నాను. కొన్నేళ్ళ క్రితం మా మనవరాలిని జైంట్ వీల్ ఎక్కిద్దామని ఒకచోటికి తీసుకెళ్ళాను. చక్రానికి పచ్చరంగు కొత్తగా మెరుస్తోంది. మా వంతు వచ్చి తొట్టి ముందుకొచ్చి ఆగింది. దాన్ని చక్రానికి వేలాడదీసే పిన్ను దగ్గర రంగు పొంగి బుడగలా లేచి ఉంది. గోటితో గీరితే పెచ్చు ఊడి, కింద తుప్పు పొడి వేలికి అంటుకుంది. ఆపరేటర్‌ని అడిగితే "మొన్న దసరాకే రంగు వేయించాం సార్" అన్నాడు. ఆ కుర్రాడిని అనడానికి లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. నేను పిల్లని ఎక్కించకుండా వెనక్కి తెచ్చేశాను. ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. అయినా నేను చేసింది సరైన పనేనని ఇప్పటికీ అంటాను.

రంగు వేసే ముందు చేయాల్సిన పని వేరే ఉంది. దాన్ని మేం డీపీ (డై పెనెట్రంట్) టెస్ట్ అంటాం. పాత రంగు గీకి, ఇనుము శుభ్రంగా తుడిచి, ఎర్రటి ద్రవం స్ప్రే చేస్తాం. కాసేపు ఆగితే అది కంటికి కనపడని పగుళ్ళలోకి దిగుతుంది. పైన ఉన్నదంతా తుడిచేసి డెవలపర్ అనే తెల్లటి పూత కొడతాం. పగులు ఉంటే ఆ తెలుపు మీద పాపిట్లో కుంకుమ పెట్టినట్టు సన్నటి ఎర్రగీత పైకి తేలుతుంది. ఆ గీత కనిపించాక ఆ పిన్ను మళ్ళీ చక్రానికి ఎక్కకూడదు. ఒక రైడ్ తిరిగిన ప్రతిసారీ దాని జాయింట్ల మీద లాగుడు పెరుగుతుంది, తగ్గుతుంది. అలా లక్షలసార్లు జరిగాక వెల్డింగ్ అంచున పగులు మొదలవుతుంది. పైగా మన విశాఖ సముద్రపు ఊరు. బీచ్ రోడ్డులో ఇళ్ళ కిటికీ గ్రిల్స్ చూడండి, ఉప్పుగాలి ఏం చేస్తుందో తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న రైడ్‌కి పెట్టుకున్న షెడ్యూలు ఇక్కడ సరిపోదు. ఇంకా తరచుగా చూడాలి.

అందుకే నా మాట ఇది. పిన్నులు, బేరింగులు, వైర్ రోపులు, బ్రేకులు, సీటు లాకులు మాత్రం మార్చి తీరాలి. అది కూడా పాడయ్యాక కాదు, ఇన్ని గంటలు తిరిగాక అని లెక్కపెట్టుకుని ముందే మార్చాలి. ఇందులో బేరం లేదు. పైకి కనిపించే రైడ్‌ని మాత్రం, పాతదైందన్న ఒక్క కారణంతో పీకేయమని నేను చెప్పను.

కోపెన్‌హాగెన్‌లోని తివోలీ పార్కులో 1914 నాటి చెక్క రోలర్ కోస్టర్ ఇప్పటికీ నడుస్తోంది. బ్రేకు వేసే మనిషి జనంతోపాటు ఆ బండిలోనే కూర్చుంటాడు. వియన్నాలో 1897లో కట్టిన పెద్ద చక్రం ఉంది. యుద్ధంలో 1944లో కాలిపోయింది. 1947లో మళ్ళీ నిలబెట్టినప్పుడు అంతకుముందున్న 30 పెట్టెలకి బదులు 15 మాత్రమే పెట్టారు. టికెట్ డబ్బు సగం పోతుందని తెలిసీ పెట్టెలు తగ్గించారు చూడండి, ఆ పని నాకు చాలా నచ్చుతుంది.

మన ఊళ్ళోనూ అంతే. కురుసురా సబ్‌మెరైన్ 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంది. లోపల దారి చూపించేది రిటైర్డ్ నేవీవాళ్ళే. అందులో లేజర్ షో పెట్టమని నేనైతే అడగను. ఆ ఇరుకు, ఆ వాల్వులు, ఆ బంకులు అలాగే ఉండాలి. తుప్పు మాత్రం పట్టనివ్వకూడదు. కైలాసగిరి కొండ మీది రైలూ అంతే. సముద్రం చూడటానికే దాన్ని ఎక్కుతాం. పట్టాలు, చక్రాలు బాగుంటే చాలు.

అలాగని మీ పెద్దాడి మాట కొట్టిపారేయను. చెయ్యి ఊడిన దెయ్యం బొమ్మ, మూడేళ్ళుగా వెలగని లైట్లు పిల్లలకి ఇట్టే కనిపిస్తాయి. వాటిని చూసే బోర్ అంటారు. వాటిని బాగుచేయడానికి కొత్త రైడ్ అక్కర్లేదు. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో స్ప్లాష్ మౌంటెన్ అనే నీటి రైడ్‌కి కాలువ, జారుడు అలాగే ఉంచి కథ, బొమ్మలు మార్చేసి 2024లో కొత్త పేరుతో తెరిచారు. మన పార్కులు కూడా తమ స్థాయిలో అలా చేయొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను. తయారుచేసిన కంపెనీ మూతపడి స్పేర్లు దొరక్కపోతే, ఏ స్టీలో తెలీకుండా పక్కనున్న లేత్ షాపులో పిన్ను చేయించి బిగిస్తుంటే, ఆ రైడ్ ఆ రోజే ఆపేయాలి. ఎంత పేరున్నదైనా సరే.

టికెట్ గురించి మీవారితో ఇలా అనండి: టెస్టుల కోసం ఇరవై రూపాయలు పెంచితే ఇద్దాం, రంగు కోసమైతే వద్దు. ఈసారి వెళ్ళినప్పుడు ఆపరేటర్ చేతులు చూడండి. ప్రతి సీటు దగ్గరికీ వచ్చి బార్‌ని లాగి చూస్తున్నాడా, లేక దూరం నుంచే విజిల్ ఊదేస్తున్నాడా? ఎత్తు బోర్డు దగ్గర మీ చిన్నాణ్ణి ఆపితే కోప్పడకండి, థాంక్స్ చెప్పండి.

ప్రశ్న: టికెట్ కొన్నాక లోపల రైడ్‌కి మెయింటెనెన్స్ బోర్డు కనిపిస్తే మోసం కాదా బాబాయిగారూ?
ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: ఆ మాట కౌంటర్ దగ్గరే చెప్పకుండా డబ్బు తీసుకుంటే తప్పే, వెనక్కి అడగండి. కానీ బోర్డు పెట్టడం తప్పు కాదు నాయనా. రైడ్ పక్కన విప్పిన బోల్టులు, గ్రీజు అంటిన గుడ్డలు, నిచ్చెన ఉంటే పని జరుగుతోందని అర్థం. దుమ్ము, సాలెగూడు తప్ప ఇంకేం కనిపించకపోతే, ఎప్పుడు ఆపారో మేనేజర్‌ని పిలిచి అడగండి.