సైన్సు వ్యాస పోటీలు పిల్లల్ని నిజంగా సైన్సు వైపు నడిపిస్తాయా?

వ్యాసం రాసినంత మాత్రాన ఎవరైనా ఇంజనీరు అవుతారా అని ఒకరు అడిగారు. వ్యాసం ఒక్కటే చాలదు, కానీ సైన్సు లోకంలోకి అడుగు పెట్టనిస్తుంది.

నాసా తన కొత్త మార్స్ రోవర్‌కు, అంటే అంగారకుడి నేల మీద తిరిగే బండికి, పేరు పెట్టమని అమెరికా బడిపిల్లలకు వ్యాస పోటీ పెట్టింది. 2009లో, కాన్సాస్‌లో ఆరో తరగతి చదువుతున్న క్లారా మా రాసిన ‘క్యూరియాసిటీ’ పేరే ఖాయమైంది. ఆమెను నాసా రోవర్లు తయారుచేసే జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీకి పిలిపించి, ఇంకా తయారవుతున్న రోవర్ మీదే సంతకం చేయించారు. అసలు మలుపు అదేనని నా నమ్మకం. అంగారకుడి మీదికి వెళ్లే యంత్రం మీద తన చేతిరాత! తర్వాత ఆమె అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో భూభౌతిక శాస్త్రం చదివింది. మన బడుల్లో పోటీలు పెట్టేవాళ్లు సర్టిఫికెట్‌తో సరిపెట్టకుండా, గెలిచిన పిల్లల్ని ఒక్కపూటైనా ల్యాబ్‌కు తీసుకెళ్లాలి.

2020లో మార్స్ హెలికాప్టర్‌కు పెట్టిన ‘ఇంజెన్యుటీ’ పేరు కూడా ఒక విద్యార్థిని వ్యాసంలోదే. ఆ హెలికాప్టర్‌కు చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన బాబ్ బలరామ్ మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో చదువుకున్నారు. 1960ల్లో, ఆయన చిన్నతనంలో, బంధువొకరు సమాచారం కావాలని అమెరికా కాన్సులేట్‌కు ఉత్తరం రాస్తే, నాసా పుస్తకాలతో ఉబ్బిన కవరు ఇంటికొచ్చింది. ఆయనకూ ఆ లోకం అలాగే దగ్గరైంది.