ఎక్కడ చూశారో రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను, రాత్రి ఒకసారి, మళ్లీ పొద్దున్నే పెన్సిల్ పట్టుకుని ఒకసారి. హార్మోన్లు రక్తనాళాలను ఏం చేస్తాయి, బీపీ ఎందుకు పెరుగుతుంది అనే విషయం ఎంచుకున్నందుకు చాలా సంతోషం. బీపీ మాత్ర లేని ఇల్లు ఈ రోజుల్లో మన చుట్టుపక్కల వెతుక్కోవాలి, అయినా ఆ మాత్ర లోపలికెళ్లి ఏం పని చేస్తుందో తెలుగులో ఓపిగ్గా చెప్పినవాళ్లు తక్కువ. నువ్వు చెప్పగలవు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

ముందు ఆ శీర్షిక తీసెయ్. "బీపీకి ఇక చెక్!" అని చదివినవాడు రేపట్నుంచి మాత్ర మానేస్తే ఎవరిది బాధ్యత? రెండోది, "తాజా పరిశోధనలో తేలింది" అనే మాట నీ వ్యాసంలో ఐదుచోట్ల ఉంది, ఒక్కచోట కూడా ఎక్కడ తేలిందో లేదు. ఎలుకలోనా? కుందేలు ధమని ముక్కలోనా? గాజు పళ్లెంలో పెంచిన కణాల్లోనా? వేల మంది మనుషుల్లోనా, అయితే ఎన్నేళ్లు చూశారు? ఈ జవాబు లేని వాక్యాన్ని నేను అచ్చుకు పంపను, నువ్వూ పంపకూడదు.

ఎందుకింత పట్టుదలో ఒక ఉదాహరణతో చెబుతాను. అమెరికాలో బ్రూక్లిన్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అని ఒక శాస్త్రవేత్త ఉండేవారు. కుందేలు బృహద్ధమనిని, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాన్ని, ముక్కలుగా కోసి, లవణాలు కలిపిన నీళ్లలో వేలాడదీసి, ఏ మందు వేస్తే బిగుసుకుంటోంది, ఏది వేస్తే సడలుతోంది అని ఏళ్ల తరబడి కొలిచారు. నరాల చివర్లు వదిలే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేస్తే ముక్క బిగుసుకునేది, 1950లలో ఆయన అలాగే రాశారు. చిక్కేమిటంటే, అదే పదార్థాన్ని బతికున్న జంతువు రక్తంలోకి ఎక్కిస్తే నాళాలు సడలి బీపీ పడిపోతుంది. 1978లో ల్యాబ్‌లో సహాయకుడు ప్రయోగం వరుస తప్పి చేశాడు, ఈసారి అసిటైల్‌కోలిన్ కోవకే చెందిన ఇంకో మందుకు, బిగుసుకోవాల్సిన ముక్క సడలింది. ఇంకొకరైతే పొరపాటు జరిగిందని ఆ రోజు లెక్కలు పక్కన పెట్టేసేవారేమో. ఈయన మాత్రం కూర్చుని ప్రతి మెట్టూ మళ్లీ చూసుకుంటే, ముక్కను కోసి సిద్ధం చేసేటప్పుడు నాళం లోపలి పొర దేనికో ఒకదానికి రాసుకుని ఊడిపోతోందని తెలిసింది. ఒకే ఒక కణం మందం ఉన్న పొర, ఎండోథీలియం అంటారు. అది ఉంటే నాళం సడలుతుంది, ఊడిపోతే బిగుసుకుంటుంది! తర్వాత ఆయన పొర ఉన్న ముక్కను, పొర గీకేసిన ముక్కను ఒకదానికొకటి ఆనించి పెట్టి అసిటైల్‌కోలిన్ వేశారు. పొర లేని ముక్క కూడా సడలింది. అంటే ఆ పొర ఏదో పదార్థాన్ని వదులుతోంది, అది పక్క ముక్కకు చేరుతోంది. 1980లో ఇది ప్రచురించారు. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది, 1998లో ఫర్చ్‌గాట్‌కూ, లూయీ ఇగ్నారోకూ, ఫెరిద్ మురాద్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు.

నీ వ్యాసంలో ఇదంతా "నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలను సడలిస్తుంది" అనే ఒక్క వాక్యం. తప్పేం లేదు, కానీ చదివినవాడికి గుర్తుండదు. పైగా ఈ కథలోనే అసలు విషయం ఉంది. పొర ఊడిన ముక్కలో చూసినదీ నిజమే, బతికున్న జంతువులో చూసినదీ నిజమే, ఎక్కడ చూశారో చెప్పకపోతే మాత్రం రెండూ ఒకదాన్నొకటి అబద్ధం చేస్తాయి.

ఇక ఆ గొట్టం పోలిక. పైపు చివర వేలు అడ్డం పెడితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి, బీపీ కూడా అంతే అని రాశావు. అందరూ అలాగే మొదలుపెడతారు, మొదలుపెట్టడానికి పరవాలేదు. నాళం వ్యాసార్థం సగమైతే రక్తానికి ఎదురయ్యే అడ్డు రెండింతలు కాదు, 16 రెట్లు అవుతుందని చెప్పడానికి పైపు పనికొస్తుంది, ఆ లెక్క తప్పకుండా పెట్టు. ఆ తర్వాత పైపును వదిలెయ్యాలి, ఎందుకంటే పైపు గోడకు కండరం లేదు, పైపు తనంతట తాను బిగుసుకోదు, పైన ప్రవహించే నీటి ఒరిపిడికి స్పందించి వాయువును వదలదు. మన చిన్న ధమనులు ఇవన్నీ రేయింబవళ్లు చేస్తూనే ఉంటాయి. సడలించే వాయువును వదిలే ఆ పొరే ఎండోథీలిన్ అని గట్టిగా బిగించే పదార్థాన్నీ తయారు చేస్తుంది. జపాన్‌లో సుకుబాలో యానగిసావా బృందం 1988లో దాన్ని పంది ధమని కణాల నుంచి పట్టుకుంది. నీ పాఠకుడు తన రక్తనాళాన్ని ప్రాణమున్న అవయవంగా ఊహించుకున్నాడా, అప్పుడు హార్మోన్ల గురించి ఏం చెప్పినా అతనికి ఎక్కుతుంది.

"కోపం వస్తే బీపీ పెరుగుతుంది" అని రాసిన పేరా దగ్గర చాలాసేపు ఆగాను. మన మాటల్లోనే ఈ ఇబ్బంది ఉంది. "నాకు బీపీ తెప్పించకు" అంటాం, అంటే కోపం తెప్పించకు అని. మా మేనత్త ఒకావిడ, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, "నాకు కోపమే రాదు, నాకు బీపీ ఎందుకుంటుందే" అని ఏళ్ల తరబడి చూపించుకోలేదు. చివరికి పక్షవాతం వచ్చాక తెలిసింది. కాబట్టి ఈ పేరా జాగ్రత్తగా రాయాలి. కిడ్నీల మీద కూర్చునే అడ్రినల్ గ్రంథి సారం (అడ్రినలిన్ ఉండేది అందులోనే) ఎక్కిస్తే జంతువుల బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుందని 1894లోనే జార్జ్ ఆలివర్, ఎడ్వర్డ్ షేఫర్ లండన్‌లో చూపించారు. టెన్షన్ పడ్డప్పుడు మనలో జరిగేదీ దాదాపు అదే, కాసేపుంటుంది, తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి పెరిగే ఉండే బీపీ దారి వేరు. అందులో కిడ్నీకి, ఉప్పుకి, వాటిని నడిపే హార్మోన్లకి పెద్ద భాగం ఉంది, మనిషి శాంతంగా ఉన్నా అది రావచ్చు. చాలావరకు ఏ గుర్తూ కనిపించదు, కొలిస్తేనే తెలుస్తుంది. ఈ మాట రాస్తే మా మేనత్త లాంటివాళ్లు ఒక్కరైనా చేతికి పట్టీ కట్టించుకుంటారు.

కిడ్నీ చరిత్ర క్లుప్తంగా చాలు. 1898లో స్టాక్‌హోమ్‌లో టీగర్‌స్టెట్, బెరిమన్ కుందేలు కిడ్నీ సారం మరో కుందేలుకు ఎక్కించి బీపీ పెరగడం చూశారు, ఆ సారంలోని పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1934లో క్లీవ్‌లాండ్‌లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీ ధమనికి వెండి బిగింపు పెట్టి బీపీ పెంచి చూపించాక అందరూ ఇటు తిరిగారు. కొన్నేళ్లకు అమెరికాలో ఒక బృందం, బ్యూనస్ ఎయిర్స్‌లో ఒక బృందం నాళాలను బిగించే ఒకే పదార్థాన్ని వేర్వేరుగా కనుక్కుని చెరో పేరు పెట్టుకున్నారు, చివరికి రెండు పేర్లలోంచీ సగం సగం తీసుకుని యాంజియోటెన్సిన్ అన్నారు. ఆ పేరు పుట్టుక రాయి, అప్పుడు ఆ పొడుగాటి మాట పాఠకుడిని భయపెట్టదు.

ఎక్కువ చోటు జెరోమ్ కాన్‌కు ఇవ్వు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1954లో ఆయన దగ్గరికి 34 ఏళ్ల మహిళ వచ్చింది. ఏళ్లుగా కండరాల నీరసం, రక్తంలో పొటాషియం బాగా తక్కువ, బీపీ ఎక్కువ. ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ అప్పటికి కొత్తగా వేరు చేసినది, శరీరంలో ఉప్పును నిలిపి పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. ఈమెలో అదే మోతాదు మించి తయారవుతోందని కాన్ ఊహించారు. ఆపరేషన్ చేస్తే అడ్రినల్ గ్రంథిలో చిన్న గడ్డ దొరికింది, తీసేశాక ఆమె కోలుకుంది. ఇలాంటివాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువే ఉంటారని ఇప్పుడు వైద్యులు అంటున్నారు. మూడు రకాల మాత్రలు వేసినా బీపీ దిగనివాళ్లు డాక్టరుగారిని ఆల్డోస్టెరాన్, రెనిన్ రక్తపరీక్ష గురించి అడగొచ్చు. నీ వ్యాసం మొత్తంలో పాఠకుడికి చేతికందే సాయం చేసే వాక్యం ఇదే అవుతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. 2001లో ఒక వారపత్రికకు ఈస్ట్రోజెన్ అనే ఆడవాళ్ల హార్మోన్ గురించి రాశాను. నెలసరి ఆగిపోయేదాకా ఆడవాళ్లలో గుండెజబ్బులు తక్కువ, ఈస్ట్రోజెన్ రక్తనాళం లోపలి పొర చేత నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువ తయారు చేయిస్తుంది, నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ మాత్రలు వాడే ఆడవాళ్లకు గుండెపోటు తక్కువ వస్తోంది, ఈ మూడూ కలిపి "ఈ మాత్రలు గుండెకు కాపలా" అని రాసేశాను. ప్రతి ముక్కా ఎక్కడో ఒకచోట చూసినదే. ఒకావిడ నా వ్యాసం కత్తిరించి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లానని ఉత్తరం కూడా రాసింది. మర్నాటి ఏడాది, 2002 జూలైలో, అమెరికాలో 16,608 మంది మహిళల మీద చేసిన అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ఆడవాళ్ల మరో హార్మోన్ లాంటి మందు) కలిపిన మాత్రలు వేసుకున్న ప్రతి 10,000 మందిలో, ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్లతో పోలిస్తే, ఏడాదికి గుండెజబ్బులు 7, పక్షవాతాలు 8, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడాలు 8, రొమ్ము క్యాన్సర్లు 8 ఎక్కువ వచ్చాయి. తుంటి ఎముక విరగడాలు 5 తగ్గాయి, అదీ రాయాలి. నేను చూసుకోనిది ఏమిటంటే, అంతకుముందు ఆ మాత్రలు వాడినవాళ్లు చాలావరకు ఉన్నవాళ్లు, తిండి, వ్యాయామం, వైద్యం బాగా చూసుకునేవాళ్లు. పైగా నోటితో మింగిన ఈస్ట్రోజెన్ ముందు కాలేయానికి వెళ్తుంది, అక్కడ రక్తం గడ్డకట్టించే పదార్థాలనూ, యాంజియోటెన్సిన్‌కు ముడిసరుకునూ పెంచుతుంది. నాళం ముక్కలో కాలేయం ఉండదు కదా. ఆ అధ్యయనంలోని మహిళల సగటు వయసు 63 అని, నెలసరి ఆగిన కొత్తలో మొదలుపెట్టినవాళ్ల సంగతి వేరుగా ఉండొచ్చని తర్వాత చర్చ నడిచింది, ఇంకా నడుస్తోంది. నేను సవరణ వ్యాసం రాశాను. ఆ ఉత్తరం రాసినావిడ అది చదివిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ బాధ నీకు వద్దు.

పాము విషం సంగతి కూడా జాగ్రత్త. బ్రెజిల్‌లో జరారాకా పాము విషం మీద సెర్జియో ఫెరేరా చేసిన పని నుంచి క్యాప్టోప్రిల్ అనే బీపీ మాత్ర దాకా దారి పడిన మాట నిజం, 1981లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. "పాము విషంతో బీపీ మందు" అని నువ్వు రాసింది మాత్రం మార్చు, ఆ మాత్రలో విషం లేదు. విషంలోని పదార్థం ఏ ఎంజైమును అడ్డుకుంటోందో తెలుసుకుని, అదే పని చేసే చిన్న అణువును రసాయన శాస్త్రవేత్తలు తయారు చేశారు. ఆ ఎంజైము యాంజియోటెన్సిన్‌ను తయారు చేస్తుంది, బ్రాడికైనిన్ అనే ఇంకో పదార్థాన్ని విరగ్గొడుతుంది కూడా, అందుకే ఆ జాతి మాత్రలు వేసుకునే కొందరికి వదలని పొడిదగ్గు వస్తుంది. దగ్గు గురించి రాస్తే చదివేవాళ్లు "అరె, మా నాన్నకు ఇదే" అంటారు, అప్పుడే "సొంతంగా మానెయ్యకండి, డాక్టరుగారికి చెబితే వేరే రకం ఇస్తారు" అని చెప్పు.

ఇంకొక్కటే. "నరాల్లో రక్తం" అని రెండుచోట్ల పడింది. ఇంట్లో మనం చేతి మీద పైకి తేలిన సిరను నరమే అంటాం, వ్యాసంలో మాత్రం రక్తనాళం అనే రాయి. ఈ విషయంలో నరాలకు, నాళాలకు వేరే లెక్క ఉంది, రెండూ కలిసిపోతే అడ్రినలిన్ పేరా ఎవరికీ అర్థం కాదు.

మీ అమ్మగారు బీపీకి మాత్ర వేసుకుంటారని ఆ మధ్య అన్నావు. రేపు ఆ షీటు మీద పేరు చూడు. "సార్టాన్" అని ముగిస్తే యాంజియోటెన్సిన్ వచ్చి తగులుకునే చోటుకు అడ్డం పడేది, "ప్రిల్" అని ముగిస్తే నేను చెప్పిన ఎంజైమును ఆపేది, "డిపిన్" అని ముగిస్తే నాళం గోడలోని కండరంలోకి కాల్షియం పోకుండా చూసేది. అది ఏదైనా సరే, వ్యాసాన్ని అక్కడ మొదలుపెట్టి ఆవిడకు చదివి వినిపించు, ఎక్కడ ఆపి ప్రశ్న అడిగారో అక్కడ గీత గీసి నాకు పంపించు. వచ్చే ఆదివారం దాకా ఇంట్లోనే ఉంటాను.

అక్కయ్య